డోరు తెరిస్తే మీ కారు ఏం చేస్తుంది? పరీక్షించుకొని, జాగ్రత్తగా దిగే పద్ధతి

గేరు పడి ఉండగా డ్రైవరు వైపు డోరు తెరిస్తే కొన్ని కార్లు బీప్ మోగించి ఊరుకుంటాయి, కొన్ని తమంతట తామే బ్రేకు పట్టుకుంటాయి, కొన్ని గేరును పార్కింగ్‌లోకి మార్చేస్తాయి, మరికొన్ని అసలేమీ పట్టించుకోవు. మీ కారు వీటిలో ఏ కోవకు చెందిందో తెలుసుకోకుండా దాని మీద భారం వేసి దిగడం ప్రమాదకరం. తెలియకపోతే మరో ఇబ్బంది కూడా ఉంది. రొయ్యల గుంటల గట్ల మీద డోరు సగం తెరిచి, తల బయటికి వంచి, వెనక చక్రాన్ని చూసుకుంటూ రివర్సు చేసే అలవాటు నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీర మండలాల్లో చాలామందికి ఉంది. మాన్యువల్ కారుతో ఏళ్ల తరబడి నడిచిన ఆ పద్ధతిలోనే కొత్త ఆటోమేటిక్ కారును వెనక్కి తీయబోతే, అది గట్టు మధ్యలో ఠక్కున ఆగి, ముందుకూ వెనక్కూ కదలనని మొరాయించవచ్చు. కారు చెడిపోయిందనుకొని షెడ్డుకు ఫోన్ చేసేవారు ఉన్నారు. అది చెడిపోలేదు; డోరు తెరుచుకుంటే డ్రైవరు దిగిపోతున్నాడని లెక్కవేసి, తనకు నేర్పిన పని తాను చేసింది.

గేరుబాక్సు రకంతో మొదలుపెట్టండి

మొదట గేరు లీవరు పక్కనున్న అక్షరాలు చూడండి. పి అనే స్థానం లేకుండా ఆర్, ఎన్, డి, ఎం మాత్రమే ఉంటే మీది ఏఎంటీ కారు. 2014లో వచ్చిన మారుతి సెలెరియోతో మన దేశంలో బాగా వాడుకలోకి వచ్చిన ఈ ఏర్పాటు లోపల మాన్యువల్ గేరుబాక్సే. క్లచ్చు నొక్కడం, గేరు మార్చడం అనే రెండు పనులను మాత్రం మన బదులు యంత్రం చేస్తుంది. పార్కింగ్ గేరే లేని కారు డోరు తెరవగానే పార్కింగ్‌లోకి వెళ్లడం జరగని పని. అది చేయగలిగిందల్లా బీప్ మోగించడం, కొన్ని మోడళ్లలో బ్రేకు వదలగానే కారు మెల్లగా పాకే కదలికను డోరు తెరిచి ఉన్నంతసేపు ఆపి ఉంచడం. కాబట్టి ఏఎంటీ నడిపేవారికి ఈ విషయంలో దిక్కు హ్యాండ్ బ్రేకేనని ముందే మనసులో పెట్టుకోవాలి.

పి స్థానం ఉండి, లీవరును చేత్తో ముందుకూ వెనక్కూ జరిపే రకమైతే లీవరుకూ గేరుబాక్సుకూ మధ్య సాధారణంగా ఒక కేబుల్ ఉంటుంది. చేత్తో జరిపితే తప్ప ఆ కేబుల్ కదలదు కనుక అలాంటి కారు కూడా తనంతట తాను పార్కింగ్ వేసుకోలేదు. ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు, అంటే చేత్తో లాగే లీవరు బదులు మోటారుతో పడే హ్యాండ్ బ్రేకు, ఉంటే మాత్రం దాన్ని వేసుకోగలదు. మూడో రకంలో లీవరు బదులు బటన్లో, గుండ్రంగా తిప్పే మీటో, స్టీరింగు పక్కన చిన్న కాడో ఉంటుంది. ఇందులో గేరు మార్చమనే ఆజ్ఞ కేబుల్ మీద కాక కరెంటు తీగ మీద పోతుంది కాబట్టి, మన చెయ్యి పంపినట్టే కారులోని కంప్యూటరు కూడా ఆ ఆజ్ఞను పంపగలదు. డోరు తెరవగానే పార్కింగ్ వేసుకునే శక్తి ప్రధానంగా ఈ మూడో రకానికే ఉంది. కొత్తగా వస్తున్న ఎలక్ట్రిక్ కార్లు చాలావరకు ఇందులోకే వస్తాయి. ఇంజన్ చప్పుడు లేకపోవడం వల్ల కారు ఆన్‌లో ఉందన్న సంగతి మరిచి దిగిపోయే అవకాశం కూడా వాటితోనే ఎక్కువ.

ఈ ఏర్పాటు ఎంత అవసరమో 2016లో అమెరికాలో తేలింది. అప్పట్లో కొన్ని జీప్, డాడ్జ్, క్రైస్లర్ కార్లలో గేరు లీవరు ఎటు నెట్టినా తిరిగి మధ్యకే వచ్చి నిలిచేది. దాని స్థానం చూసి ఏ గేరు పడిందో చెప్పడం సాధ్యమయ్యేది కాదు. పార్కింగ్ వేశామనుకొని దిగిన వారి కార్లు దొర్లిపోవడంతో ఆ ఏడాది ఏప్రిల్‌లో కంపెనీ ప్రపంచవ్యాప్తంగా సుమారు 11 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. జూన్‌లో హాలీవుడ్ నటుడు ఆంటన్ యెల్చిన్ తన ఇంటి ముందున్న వాలులో సొంత జీప్ గ్రాండ్ చెరోకీ వెనక్కి దొర్లి, గేటు స్తంభానికి అదిమేయడంతో చనిపోయాడు. కంపెనీ చేసిన మరమ్మతు లీవరును మార్చడం కాదు. సీటు బెల్టు తీసి డోరు తెరిస్తే కారే పార్కింగ్ వేసుకొనేలా సాఫ్ట్‌వేరును మార్చడం.

మన చట్టం మాత్రం ఈ బాధ్యతను కారుకు అప్పగించలేదు. మోటారు వాహనాల చట్టం 1988లోని 126వ సెక్షన్ ప్రకారం, డ్రైవరు సీటులో లైసెన్సు ఉన్న మనిషి లేకుండా బహిరంగ స్థలంలో వాహనాన్ని నిలపాలంటే ఇంజన్ ఆపి, బ్రేకు వేసి, లేదా అది పొరపాటున కదలకుండా మరో కట్టుదిట్టం చేసి ఉండాలి. ఏసీ కోసం ఇంజన్ ఆన్‌లో వదిలి, టీ కోసమో పూల కోసమో దిగడం చట్టం కళ్లకు కూడా తప్పే.

కారు పుస్తకంలో ఏం చదవాలి

కారుతో వచ్చిన పుస్తకం మొత్తం చదవనక్కరలేదు. అది పోయి ఉంటే కంపెనీ వెబ్‌సైటులో మీ మోడలు, సంవత్సరం ఎంచుకొని దింపుకోవచ్చు. అందులో పార్కింగ్ బ్రేకు, ఆటో హోల్డ్, ఇంజన్ ఆటో స్టాప్, గేరు మార్చడం అనే నాలుగు భాగాలను తీసి, డోరు అన్న మాట వచ్చిన ప్రతి వాక్యం కింద గీత గీయండి. అలాంటి వాక్యాల్లో దాదాపు ఎప్పుడూ షరతుల గుంపు ఒకటి ఉంటుంది. కారు నిలిచి ఉండాలి లేదా అతి తక్కువ వేగంలో ఉండాలి, డ్రైవరు సీటు బెల్టు తీసి ఉండాలి, బ్రేకు పెడల్ మీద కాలు ఉండకూడదు, తెరిచింది డ్రైవరు డోరే అయి ఉండాలి. ఈ షరతులన్నీ ఒకేసారి కుదిరితేనే కారు జోక్యం చేసుకుంటుంది. ఒక్కటి తప్పినా చేతులు కట్టుకొని కూర్చుంటుంది. డోరు తెరవగానే ఆగిపోతుందని షోరూములో సేల్స్ కుర్రాడు చెప్పిన మాటలో ఈ షరతులు వినిపించవు.

ఆటో హోల్డ్ సంగతి ప్రత్యేకంగా చూసుకోండి. సిగ్నల్ దగ్గర బ్రేకు మీద నుంచి కాలు తీసినా కారును కదలకుండా పట్టి ఉంచే ఈ సదుపాయం నాలుగు చక్రాల మామూలు బ్రేకులలోని ఆయిలు ఒత్తిడి మీద పనిచేస్తుంది, ఎక్కువసేపు పట్టి ఉంచడానికి పుట్టింది కాదు. అందుకే చాలా కార్లలో డ్రైవరు డోరు తెరిస్తే, బానెట్ తెరిస్తే, లేదా నిలిచి చాలాసేపయితే, అది తన బరువును ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకుకు అప్పగించి తప్పుకుంటుంది. హ్యుందాయ్ కార్ల పుస్తకాల్లో ఈ గడువు 10 నిమిషాలని రాసి ఉంటుంది.

దీనికి తిరగేసిన నియమం కూడా ఒకటి ఉంది, అది తెలియకే ఎక్కువమంది కంగారు పడతారు. మామూలుగా గేరు డిలో వేసి యాక్సిలరేటరు తొక్కితే ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు దానంతట అదే విడుస్తుంది. కానీ బెల్టు పెట్టుకోకపోయినా, డోరు, బానెట్, డిక్కీలలో ఏదైనా సరిగా పడకపోయినా చాలా కార్లలో అది విడవదు. అప్పుడు ఇంకా గట్టిగా తొక్కకండి. కాలు తీసి, డిస్‌ప్లేలో ఏ డోరు బొమ్మ వెలుగుతోందో చూసి, దాన్ని మూసి మళ్లీ ప్రయత్నించండి. ఆక్వా మేత బస్తాలు పట్టక డిక్కీని తాడుతో కట్టి నడిపేవారికి ఈ సమస్య తరచూ ఎదురవుతుంది.

ఖాళీ స్థలంలో పరీక్షించడం

రోడ్లు వేసి ఇంకా ఇళ్లు కట్టని లే అవుట్లు నెల్లూరు, ఒంగోలు చుట్టూ కావలసినన్ని ఉన్నాయి. సమంగా ఉన్న చోటు చూసుకొని, ముందూ వెనకా కనీసం ఇరవై మీటర్లు ఎవరూ లేకుండా చూడండి. పిల్లలను తీసుకెళ్లకండి. తోడు వచ్చినవారు కారు పక్కకు దూరంగా నిలబడాలి, ముందో వెనకో కాదు.

ఇంజన్ ఆపి, ఇగ్నిషన్ ఆన్ చేసి, నాలుగు డోర్లనూ డిక్కీనీ ఒక్కొక్కటిగా తెరిచి మూయండి. ప్రతిదానికీ డిస్‌ప్లేలో బొమ్మ మారాలి. తర్వాత ప్రతి డోరునూ మెల్లగా నెట్టి సగం మాత్రమే పడేలా చేయండి. డోరు అంచున ఉన్న లాకులో పంజా లాంటి ఇనుప ముక్క ఒకటి తిరుగుతుంది. అది కారు స్తంభానికి బిగించిన కడ్డీని రెండు అంచెల్లో పట్టుకుంటుంది: మొదటి టక్‌తో సగం, రెండో టక్‌తో పూర్తిగా. సగం పడిన డోరు బయటికి మూసినట్టే కనిపిస్తుంది కానీ డిస్‌ప్లే మాత్రం తెరిచే ఉందని చూపాలి. చూపకపోతే స్విచ్ సరిగా లేదని అర్థం. మిగతా పరీక్షలన్నీ ఆ స్విచ్ మీదే ఆధారపడ్డాయి కనుక దాన్ని బాగు చేయించాకే ముందుకు సాగండి.

ఇప్పుడు ఇంజన్ స్టార్ట్ చేసి, బెల్టు పెట్టుకొని, బ్రేకు గట్టిగా తొక్కి డిలో వేయండి. బ్రేకు మీద కాలు ఉంచే డోరును జానెడు తెరవండి. ఏం మోగింది, డిస్‌ప్లేలో గేరు అక్షరం మారిందా, పార్కింగ్ బ్రేకు ఎర్రదీపం వెలిగిందా అని గమనించండి. ఏమీ మారకపోతే బ్రేకును కొద్దికొద్దిగా వదిలి కారు పాకుతుందేమో చూసి, కదిలిన మరుక్షణం మళ్లీ తొక్కండి. కాలు పెడల్ మీద నుంచి పూర్తిగా తీయకూడదు, ఒళ్లు బయటికి వంచకూడదు. డోరు మూసి, ఇదే పనిని బెల్టు తీసి మళ్లీ చేయండి. రెండు ఫలితాలకూ మధ్య తేడా చూసి ఆశ్చర్యపోతారు: బెల్టు ఉండగా బీప్‌తో సరిపెట్టిన కారే, బెల్టు తీయగానే పార్కింగ్ వేసుకోవచ్చు. తర్వాత ఆర్‌లో కూడా ఒకసారి చూడండి. కారు కదులుతుండగా మాత్రం ఈ పరీక్ష చేయవద్దు. పార్కింగ్ అంటే గేరుబాక్సులోని ఒక పళ్లచక్రంలోకి చిన్న ఇనుప కొక్కెం దిగడం. తిరుగుతున్న చక్రంలో దాన్ని దించే పని పెట్టుకోకూడదు.

ఆటో హోల్డ్ ఉంటే దాన్ని ఆన్ చేసి, కారు ఆగాక కాలిని పెడల్‌కు అంగుళం పైన ఉంచి, బెల్టు తీసి డోరు తెరవండి. చాలా కార్లలో ఆకుపచ్చ అక్షరాలు ఆరిపోయి, వెనక చక్రాల దగ్గర మోటారు గిర్రుమన్న చప్పుడుతో ఎర్రదీపం వెలుగుతుంది. ఆ చప్పుడును గుర్తుపెట్టుకోండి. దిగేటప్పుడు దీపం కంటే ముందు చెవికి అందే ఆధారం అదే.

సిగ్నల్ దగ్గర ఇంజన్ దానంతట ఆగిపోయే కార్లకు ఇంకో పరీక్ష అవసరం. అలా ఆగిన ఇంజన్ ఆఫ్ అయినట్టు కాదు. మే నెల ఎండలో ఏసీ ఆన్‌లో ఉంటే లోపల వేడి పెరగగానే అది మళ్లీ స్టార్ట్ అవుతుంది. డోరు తెరిచినా, బెల్టు తీసినా చాలా కార్లు ఈ తిరిగి స్టార్ట్ కావడాన్ని మానేసి, తాళంతోనో బటన్‌తోనో స్టార్ట్ చేయమని అడుగుతాయి. మీది అలా అడుగుతుందో లేదో ఇక్కడే తేల్చుకోండి.

చూసినదంతా ఒక చిన్న కాగితం మీద రాసి డాష్‌బోర్డు పెట్టెలో పెట్టండి. డిలో డోరు, బెల్టుతో, డిలో డోరు, బెల్టు లేకుండా, ఆర్‌లో డోరు, ఆటో హోల్డ్‌లో డోరు. ఈ నాలుగింటికీ మీ కారు ఇచ్చిన జవాబులు అందులో ఉంటే చాలు.

సీటు బెల్టు క్లిప్పు సంగతి

బెల్టు పెట్టుకోకపోయినా బీప్ మోగకుండా బకిల్‌లో గుచ్చే క్లిప్పులు కొన్నిచోట్ల ఇంకా దొరుకుతున్నాయి. వీటిని అమ్మకం నుంచి తొలగించాలని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 మేలో ఐదు ఆన్‌లైన్ అమ్మకపు వేదికలను ఆదేశించింది. ప్రమాదంలో ప్రాణానికి ముప్పు అన్న సంగతి అందరికీ తెలిసిందే. డోరు విషయంలో జరిగే నష్టం మాత్రం చాలామందికి తట్టదు. క్లిప్పు గుచ్చి ఉన్నంతకాలం కారు దృష్టిలో డ్రైవరు బెల్టు కట్టుకొని సీటులోనే ఉన్నాడు. మీరు దిగి గేటు దగ్గరికి నడిచి వెళ్లినా, డోరు బార్లా తెరిచి ఉన్నా, బెల్టు తీసి ఉండాలన్న షరతు నెరవేరదు, కారు పార్కింగ్ వేసుకోదు. బెల్టును వీపు వెనక నుంచి పెట్టి కూర్చునే అలవాటు కూడా సరిగ్గా ఇదే పని చేస్తుంది.

దిగే వరుస

పరీక్షల ఫలితం ఏదైనా దిగే వరుస మారకూడదు. కారు పూర్తిగా ఆగాక, బ్రేకు మీద కాలు ఉంచే హ్యాండ్ బ్రేకు వేయండి లేదా పార్కింగ్ బ్రేకు బటన్ లాగండి. ఆ తర్వాత పార్కింగ్ గేరు వేయండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు: ముందు పార్కింగ్ వేసి కాలు తీసేస్తారు, కారు ఒక్క కుదుపుతో కొంచెం జారి ఆగుతుంది, అప్పుడు హ్యాండ్ బ్రేకు లాగుతారు. ఆ కుదుపంటే కారు బరువంతా ఆ చిన్న కొక్కెం మీద పడిందన్నమాట. సమతలంలో తేడా తెలియదు కానీ, నరసింహకొండ ఘాట్ రోడ్డులోనో మాలకొండ దారిలోనో వాలులో నిలిపినప్పుడు తిరిగి లీవరు తీయడానికి రెండు చేతులూ పెట్టాల్సి వస్తుంది. పార్కింగ్ వేశాక బ్రేకును మెల్లగా వదిలి కారు కదలడం లేదని నిర్ధారించుకొని, ఇంజన్ ఆపి, డిస్‌ప్లే ఆరిపోవడం చూసి, అప్పుడు బెల్టు తీసి, చివరగా డోరు తెరవండి. ఏఎంటీలో హ్యాండ్ బ్రేకు వేశాక, ఎగువకు నిలిపితే డిలో, దిగువకు నిలిపితే ఆర్‌లో ఉంచి ఇంజన్ ఆపితే ఆ గేరే కారును పట్టి ఉంచుతుంది. ఎన్‌లో వదిలితే హ్యాండ్ బ్రేకు తప్ప మరో పట్టు లేదు. వాలులో చక్రం కింద రాయి పెడితే మంచిదే, కానీ వెళ్లేటప్పుడు ఆ రాయిని రోడ్డు పక్కకు పడేయండి. రాత్రి బైకు మీద వచ్చేవాడికి అది కనబడదు.

డోరును తెరిచే చెయ్యి కూడా ముఖ్యం. మన కార్లలో డ్రైవరు కుడివైపు, అంటే రోడ్డు వైపే దిగుతాడు. కుడి డోరును ఎడమ చేత్తో తెరిస్తే భుజం తిరుగుతుంది, దానితో చూపు అద్దం దాటి వెనక రోడ్డు మీదికి పోతుంది. నెదర్లాండ్స్‌లో సైకిళ్ల వారిని కాపాడడానికి అలవాటు చేసిన పద్ధతి ఇది, డచ్ రీచ్ అంటారు. మన ట్రంకు రోడ్డు మీదా అంతే బాగా పనిచేస్తుంది.

ఇబ్బంది వచ్చే చోట్లు

ఇంటి గేటు అన్నిటికంటే ప్రమాదకరమైన చోటు. కొత్త ఇళ్లు రోడ్డు కంటే ఎత్తులో కట్టి ముందు ర్యాంపు పోస్తున్నారు. కారును ర్యాంపు మీద ఆపి, డిలోనే ఉంచి, గేటు తీయడానికి ఒక్క క్షణమే కదా అని దిగేటప్పుడు కారుకూ గేటుకూ మధ్య నిలబడేది డ్రైవరే. రెండు అడుగుల దూరం దొర్లినా చాలు. ఎంత తొందరైనా పైన చెప్పిన వరుస మొత్తం పూర్తి చేయండి. ఇంట్లో మనిషి ఉంటే గేటు ఆ మనిషే తీయాలి. మీరు దిగక తప్పకపోతే కారు ముందు నుంచి కాక పక్క నుంచి నడిచి వెళ్లండి.

గట్ల మీద రివర్సు విషయానికి వస్తే, డోరు తెరిచి నడపడాన్ని పూర్తిగా మానేయాలన్నదే నా అభిప్రాయం. కారు ఠక్కున ఆగడం ఒక్కటే కాదు, తెరిచిన డోరు వెనక్కి పోతూ విద్యుత్ స్తంభానికో ఏరేటరు కోసం పాతిన కర్రకో తగిలితే, అది ముందుకు విరుచుకుపోయి బందులు ఊడతాయి; వంచిన తల ఆ డోరుకూ స్తంభానికీ నడుమ ఉంటుంది. దాని బదులు డోరు కిటికీ గాజు పూర్తిగా దించి, ఎడమ పక్క అద్దాన్ని చక్రం నేలకు తగిలే చోటు కనిపించేలా కిందికి వంచుకోండి. రివర్సు వేయగానే ఆ అద్దాన్ని దానంతటదే కిందికి వంచే సదుపాయం కొన్ని కార్లలో ఉంటుంది. అదీ చాలకపోతే ఒక మనిషిని గట్టు మీద, డ్రైవరుకు అద్దంలో కనబడేటంత దూరంలో నిలబెట్టి, ఆ మనిషి అద్దంలో నుంచి తప్పుకుంటే కారు ఆపాలన్న ఒప్పందం పెట్టుకోండి. ఒకవేళ డోరు తెరుచుకొని కారు దానంతట పార్కింగ్‌లోకి వెళ్లిపోతే భయపడకండి: బ్రేకు తొక్కి, డోరు మూసి, బెల్టు పెట్టుకొని, మళ్లీ ఆర్ వేస్తే కదులుతుంది.

జాతీయ రహదారి 16 మీద టంగుటూరు, ముసునూరు, వెంకటాచలం టోల్‌ప్లాజాల దగ్గర ఫాస్టాగ్ చదవకపోతే, కారును టోల్ బూత్‌కు దూరంగా ఆపినవారు డోరు తెరిచి వంగి కార్డు అందిస్తుంటారు. ఒళ్లు అలా వంగినప్పుడు కుడికాలు బ్రేకు మీద నుంచి జారుతుంది, జారిన కాలు పడేది పక్కనున్న యాక్సిలరేటరు మీదే. బెల్టు ఉంది కనుక చాలా కార్లు ఇక్కడ జోక్యం చేసుకోవు. ముందు పార్కింగ్ వేయండి, ఏఎంటీ అయితే ఎన్‌లో పెట్టి హ్యాండ్ బ్రేకు వేయండి, తర్వాత వంగండి.

వెనక సీటులోని వారి సంగతి వేరు. హ్యుందాయ్ వెర్నా, క్రెటా, టాటా హారియర్ వంటి కార్ల పై రకాల్లో, దిగేవారు డోరు తెరవబోతుండగా వెనక నుంచి వాహనం వస్తుంటే హెచ్చరించే ఏర్పాటు ఉంది. దాని కళ్లు వెనక బంపరు మూలల్లో దాగిన రాడార్లు. బంపరు మీద బురద గట్టిపడినా, బయట ఇనుప గార్డు బిగించినా వాటి చూపు మసకబారుతుంది. పైగా అవి చూసేది వెనక నుంచి వచ్చేవారినే. ఒంగోలు కర్నూలు రోడ్డులోనో నెల్లూరు ట్రంకు రోడ్డులోనో రాంగ్ రూటులో ఎదురుగా వచ్చే బైకును ఈ ఏర్పాటు పట్టుకుంటుందని ఆశించవద్దు. పిల్లలున్న ఇంట్లో వెనక డోర్ల చైల్డ్ లాక్ వేసి, దిగేటప్పుడు పెద్దవారే బయటి నుంచి తెరవడం మేలు.

స్విచ్ చెడితే

డోర్లన్నీ గట్టిగా వేసినా తెరిచి ఉన్నట్టు డిస్‌ప్లే చూపుతుంటే, లోపలి దీపం ఆరకుండా రాత్రంతా వెలిగి బ్యాటరీ దిగిపోతుంటే, సెంట్రల్ లాక్ పడినట్టే పడి తిరిగి తెరుచుకుంటుంటే లాకులోని చిన్న స్విచ్‌ను అనుమానించాలి. కొత్తపట్నం, మైపాడు వంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఉప్పు గాలికి దాని కొనలు చిలుము పడతాయి. చీమకుర్తి వైపు గ్రానైటు ధూళి లాకులో చేరి పంజాను పూర్తిగా తిరగనివ్వదు. నెల్లూరులో రైల్వే అండర్ బ్రిడ్జిలు వానకు నిండినప్పుడు నీళ్లలో దిగిన కార్లలోనూ ఇదే వరస. వాటర్ సర్వీసింగ్ చేయించిన మర్నాడు మొదలైన జబ్బు అయితే ఒకటి రెండు రోజులు ఎండనిచ్చి చూడండి.

ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటి ఉంది. డోరు తెరిచి ఉంచి, స్క్రూడ్రైవరు కొనతో లాకులోని పంజాను లోపలికి రెండుసార్లు టక్ మనేదాకా నొక్కండి. డిస్‌ప్లేలో డోరు బొమ్మ ఆరిపోతే స్విచ్ బాగానే ఉంది, డోరు ఎత్తు దిగి పూర్తిగా మూసుకోవడం లేదని అర్థం. ఆరకపోతే స్విచ్ లేదా తీగ దెబ్బతింది. డోరును మూసే ముందు పిడి లాగి పంజాను మళ్లీ తెరవడం మరచిపోకండి. మూసి ఉన్న పంజాతో డోరును విసురుగా వేస్తే లాకు పాడవుతుంది. డోరుకూ స్తంభానికీ మధ్య ఉన్న రబ్బరు గొట్టాన్ని వేళ్లతో కదిపినప్పుడు బొమ్మ వెలుగుతూ ఆరుతూ ఉంటే లోపల తీగ తెగింది. పొలాల దగ్గర నిలిపే కార్లలో ఎలుకలు కొరికే తీగలు కూడా చూడాలి. లాకుకు పలుచని తెల్ల గ్రీజు కొద్దిగా చాలు, ముద్దగా పూస్తే ధూళిని పట్టి ఉంచుతుంది.

కొందరు ఎలక్ట్రీషియన్లు బీప్ గోల వదిలించడానికి స్విచ్ తీగను కత్తిరించో, రెండు తీగలు కలిపో డోరు ఎప్పుడూ మూసే ఉన్నట్టు కారును నమ్మిస్తారు. దీపం ఆరుతుంది, ఓనరు సంతోషిస్తాడు. ఆ రోజు నుంచి ఆ కారుకు డోరు తెరవడమన్నది తెలియదు: పార్కింగ్ వేసుకోదు, ఆటో హోల్డ్‌ను వదిలి పార్కింగ్ బ్రేకు పట్టదు, ఇంజన్ ఆన్‌లో వదిలి దిగినా గుర్తుచేయదు. రిపేరుకు ఇచ్చేటప్పుడే స్విచ్ మార్చమని, బైపాస్ చేయవద్దని స్పష్టంగా చెప్పి, కారు తీసుకునేటప్పుడు డోర్లన్నీ తెరిచి బొమ్మ వెలుగుతోందో లేదో చూసుకోండి. సెకండ్ హ్యాండ్ కారు కొనేవారు కూడా ఈ పరీక్షను తప్పక చేయాలి.

దూర ప్రయాణాలకు యాక్టింగ్ డ్రైవరును పిలిచినప్పుడు తాళం చేతికిచ్చే ముందు ఐదు నిమిషాలు కేటాయించండి. మాన్యువల్ బళ్లు నడిపిన చెయ్యికి పి బటన్ ఎక్కడుందో, పార్కింగ్ బ్రేకు లాగాలో నొక్కాలో, ఎలక్ట్రిక్ కారులో రెడీ అన్న మాట వెలుగుతుంటే కారు ఆన్‌లో ఉన్నట్టేనని మీరే చూపించాలి. మీరు రాసి పెట్టుకున్న కాగితం తీసి చదివించి, డోరు తెరిస్తే ఈ కారు ఏం చేస్తుందో, ఏం చేయదో ఆయన చేతే ఒకసారి చేయించి చూడండి.